కార్ల కంపెనీ నాడి పట్టడం ఎలా?

ముప్పై ఏళ్లు షెడ్డులో స్పానర్ పట్టినవాణ్ణి. బ్యాలెన్స్ షీట్లు చదవడం రాదు. కానీ ఏ కార్ల కంపెనీ దిగజారుతోందో పసిగట్టే పద్ధతి ఒకటుంది నా దగ్గర. అంబాసిడర్‌ను చూసి నేర్చుకున్నదే.

ముందు, క్యూ చూసి మోసపోకండి. ఎన్ని కార్లు చేయాలో సర్కారే లైసెన్సులిచ్చి తేల్చే రోజుల్లో అంబాసిడర్ బుక్ చేస్తే ఏళ్లు ఆగాల్సి వచ్చేది. అది కారు మీద మోజా, వేరే దారి లేకనా? 1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కాకే తెలిసింది. ఇంజిన్ 796 సీసీయే అయినా సొంత డబ్బు పెట్టేవాళ్లు అటు వెళ్లిపోయారు.

ఇక నా లెక్కలో అసలైన పరీక్ష: ఎవరి డబ్బుతో కొంటున్నారు? అంబాసిడర్‌కు చివరికి మిగిలింది సర్కారు ఆఫీసులూ టాక్సీలే. ఆర్డరు వస్తుంది, ఫ్యాక్టరీ నడుస్తుంది. కానీ ఆఫీసుకు కారు కొనే గుమాస్తా షోరూంలో తలుపు వేసి చూడడు, సీటు నొక్కి చూడడు, పెదవి విరిచి పక్క షోరూంకి పోడు. సణిగే కస్టమర్ లేకపోతే ఏది మార్చాలో కంపెనీకి ఎవరు చెబుతారు? కాబట్టి ఓ సాయంత్రం పెద్ద అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తిరగండి. పసుపు ప్లేట్లు, ‘ప్రభుత్వ వాహనం’ అని రాసినవి వదిలేసి, ఆ కంపెనీ కొత్త కార్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.

తర్వాత బానెట్ ఎత్తండి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారుని చూసి చేసిన బండి అంబాసిడర్. మార్క్ 2, 3, 4 అని పేర్లు మారాయి, ముందు గ్రిల్ మారింది, ఆకారం మాత్రం అదే. మా మేస్త్రి నాకు చెప్పిన కిటుకులనే నేను మా కుర్రాళ్లకు చెప్పాను. 1990ల్లో ఇసుజు ఇంజిన్ వచ్చింది. మంచి మార్పే, ఆలస్యమైంది. (మెకానిక్ ఒక బండిని మరీ పొగిడితే అనుమానించండి. అలవాటైన బండంటే మాకు ప్రేమ, అంతే.) కంపెనీకి చేత కాదనడానికీ లేదు. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్సే 1998లో మిత్సుబిషితో కలిసి తమిళనాడులో లాన్సర్ తయారు చేసింది.

చివరగా, కొత్త రూల్ వచ్చినప్పుడు కంపెనీ ఎంత త్వరగా కదులుతుందో చూడండి. పెద్ద నగరాల్లో బీఎస్-4 పొగ నిబంధనలు 2010లో వచ్చాయి. వాటికి సరిపడే అంబాసిడర్ ఎన్‌కోర్ 2013లో వచ్చింది. 1980ల్లో ఏడాదికి సుమారు 24 వేలు అమ్ముడైన బండి అప్పటికి రెండు వేల చిల్లరకు పడిపోయింది. 2014 మేలో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పని ఆపేశారు. 2017లో ఆ పేరును ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు.

పార్కింగ్ లెక్క ఒక్కరోజుతో తేల్చకండి. మూడు నాలుగు నెలలు వరుసగా చూడండి. దసరా, దీపావళి నెలలు మాత్రం వదిలేయండి, అప్పుడు అన్ని కంపెనీల బండ్లకూ నిమ్మకాయలు కడతారు.