జీన్స్ నప్పకపోతే ముందు టేపు తీయండి

పాలకొల్లులో బట్టలు సరిచేసే మా కొట్టుకి వచ్చే ఆడపిల్లలు చాలామంది ముందుగా అనే మాట, "అక్కా, నా ఒళ్ళే ఇంత, నాకు జీన్స్ నప్పదు" అని. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. తప్పు ఒంటిది కాదమ్మా, కొలతది. నడుము నంబరు ఒక్కటే చూసి కొనడం వల్లే సగం ఇబ్బందులు.

కూర్చుంటే వెనక నడుము పట్టీ లేచి, నడుము కనబడుతోంది

దీనికి కారణాలు రెండు. ఒకటి, మీ నడుముకీ సీటుకీ (పిరుదుల చుట్టుకొలతకీ) ఉన్న తేడా రెడీమేడ్ కొలతలో లేదు. అలాంటప్పుడు సీటుకీ తొడకీ సరిపోయేదే కొని, నడుము తగ్గించుకోవాలి. అంగుళం వరకూ అయితే వెనక మధ్య కుట్టు విప్పి లోపలికి పట్టొచ్చు. అంతకుమించి పడితే వెనక జేబులు రెండూ దగ్గరకొచ్చి వికారంగా ఉంటాయి. అప్పుడు పట్టీ విప్పి రెండు పక్కలా డాట్లు (గుడ్డని లోపలికి మడిచి కోసుగా వేసే కుట్లు) వేయించండి. బెల్టు బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుందే తప్ప సమస్య పోదు.

రెండోది రైజ్. కాళ్ళ మధ్య కుట్లు కలిసేచోటు నుంచి ముందు పట్టీ పైఅంచు దాకా టేపు పెట్టండి. ఏడెనిమిది అంగుళాలుంటే లో రైజ్, 9 దగ్గర మిడ్, 10 దాటితే హై. స్కూటీ నడిపేవాళ్ళకి, బస్సుల్లో తిరిగేవాళ్ళకి 9 కంటే తక్కువ వద్దంటాను. కొట్టులో అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు, ట్రయల్ రూములో ఒకసారి గొంతుక్కూర్చుని చూడండి.

తొడ దగ్గర పట్టేస్తోంది, పక్కన తిమ్మిరెక్కుతోంది

తొడ మీద గుడ్డని వేళ్ళతో పట్టుకుంటే కాస్తయినా చిక్కాలి. చిక్కకపోతే స్కిన్నీ వదిలి స్ట్రెయిట్ ఫిట్ తీసుకోండి. తొడ నిండుగా ఉన్నవాళ్ళకి అదే అందంగా ఉంటుంది, ఎందుకంటే కిందదాకా ఒకే గీతగా దిగుతుంది. పట్టీ మరీ బిగుతుగా ఉంటే తొడ బయటివైపుకెళ్ళే నరం నొక్కుకుని తిమ్మిరి, మంట వస్తాయి. వదులుది వేసుకున్నా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

చెమట, దురద

మన డెల్టాలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి, మళ్ళీ బస్సెక్కి కాలేజీకి వెళ్ళే పిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గుడ్డలోనే ఉంటారు. గాల్లో తేమకి చెమట ఆరదు. చదరపు గజం గుడ్డ 12, 14 ఔన్సులు తూగే మందపు డెనిమ్ మనకి భారం, 8 నుంచి 10 ఔన్సులది అడగండి. లోపలి లేబుల్ చదవండి: నూలు 98 శాతం, సాగే ఎలాస్టేన్ 2 శాతం ఉంటే చాలు. పాలియెస్టర్ పెరిగేకొద్దీ ఉక్క పెరుగుతుంది.

ముసురు రోజుల్లో జీన్స్ పైకి ఆరినట్టే ఉంటుంది గానీ పట్టీ, జేబులు, కుట్లు తడిగానే ఉంటాయి. ఆ తడితో వేసుకుంటే గజ్జల్లో తామర రావచ్చు. తిరగేసి, జేబులు బయటికి లాగి, ఫ్యాను కింద ఆరేయండి. అందుకే కనీసం రెండు జతలుండాలి. తామర వస్తే సిగ్గుపడి మందుల షాపులో ఏదో ఒక ఆయింట్‌మెంట్ కొనేయకండి. స్టెరాయిడ్ కలిసినవి ముందు తగ్గినట్టే చేసి తర్వాత ముదరబెడతాయి. చర్మం డాక్టరు దగ్గరికే వెళ్ళండి, అమ్మని తోడు తీసుకెళ్ళండి.

పొట్టిగా కనబడుతున్నాను

చీలమండ దగ్గర గుడ్డ పోగుపడటమే కారణం. పొడవు తగ్గించండి, కానీ ఒకసారి ఉతికాకే. నూలు ముడుచుకుంటుంది, ముందే కత్తిరిస్తే తర్వాత పొట్టైపోతుంది. వెనక జేబులు మరీ కిందకి ఉన్నవి కొనకండి, సీటు జారినట్టు కనబడుతుంది.

మోకాళ్ళ దగ్గర ఉబ్బిపోతోంది

వేడికి ఎలాస్టేన్ సాగే గుణం పోతుంది. మండుటెండలో ఆరేయడం, కాలే ఇస్త్రీ పెట్టడం మానండి. అప్పటికే సాగిపోయినది మేము కూడా బాగుచేయలేం.

రంగు కుర్తీకి అంటుతోంది

ముదురు నీలం కొత్తలో దిగుతుంది. ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆగదు. తిరగేసి, చన్నీళ్ళలో, రెండు మూడు ఉతుకుల దాకా విడిగా ఉతకండి. అప్పటిదాకా దాని మీదకి తెల్ల కుర్తీ వేసుకోకండి.