కిర్రుమనే చెక్క నేలను సరిచేయడం ఎలా?

న్యూజెర్సీ వైపు పాత ఇల్లు కొన్నవాళ్లకి మొదటి చలికాలంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేస్తే చాలు, కాలి కింద నేల కిర్రుమంటుంది. గంట సేపు జోకొట్టి పడుకోబెట్టిన పసివాడు లేచి కూర్చుంటాడు. గచ్చు మీదా, నాపరాళ్ల మీదా పెరిగినవాళ్లం కదా, ఇల్లు ఎక్కడ కుంగుతోందో అని టెన్షన్ కూడా పడతాం. ఉత్త చప్పుడే అయితే అంత భయం అక్కర్లేదు. అడుగు వేస్తే నేల దిగుతున్నట్టు, ఊగుతున్నట్టు ఉన్నా, అడుగున చెక్క తడిసి మెత్తబడినా అది వేరే జబ్బు. దానికి పని తెలిసిన మనిషిని పిలవాల్సిందే.

ఈ ఇళ్లలో నేల మూడు వరసలు. అడుగున జాయిస్టులనే చెక్క దూలాలు, చాలా చోట్ల 16 అంగుళాలకొకటి. వాటి మీద సబ్‌ఫ్లోర్, అంటే ప్లైవుడ్; బాగా పాత ఇళ్లలో మామూలు పలకలు. దాని మీద, సాధారణంగా ముప్పావు అంగుళం మందం ఉండే హార్డ్‌వుడ్ పలకలు, ఒకదాని అంచు పక్కదాని గాడిలో దూరేలా పేర్చి మేకులతో బిగిస్తారు. చలికాలం హీటర్ వేయగానే ఇంట్లో గాలి పొడిబారి చెక్క కుంచించుకుంటుంది, మేకుల పట్టు సడలుతుంది. కాలు మోపితే పలక దిగుతుంది, తీస్తే లేస్తుంది. అలా దిగుతూ లేస్తూ మేకునో పక్క పలకనో రాసుకుంటుంది. ఆ కదలికను ఆపితే చప్పుడు ఆగినట్టే. తలుపు మడతబందులకి వేసినట్టు నూనె మాత్రం వేయకండి. చెక్క మీద మరక దిగుతుంది, రేపు పాలిష్ చేయిస్తే అక్కడ పట్టదు.

చప్పుడు చలికాలంలోనే వస్తోందా? అయితే డ్రిల్లు తీసేముందు ఒక చిన్న హైగ్రోమీటర్ కొని ఇంట్లో తేమ చూడండి. 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. అంతకంటే తక్కువుంటే కొన్నాళ్లు గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ పెట్టి చూడండి. కొన్ని కిర్రులు దాంతోనే పోతాయి.

పోకపోతే, చోటు కనిపెట్టాలి. నన్నడిగితే సగం పని ఇదే. బేస్‌మెంట్‌కి పైకప్పు వేయకుండా దూలాలు బయటికే కనిపిస్తుంటే మీ అదృష్టం. ఒకరు పైన నడవాలి, ఇంకొకరు కింద టార్చి పట్టుకుని చూడాలి. మా ఇంట్లో ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని "కాస్త ఎడమకి జరుగు, ఆ, అక్కడే తొక్కు" అనుకుంటూ ఒక ఆదివారం గడిచిపోయింది. దూలానికీ సబ్‌ఫ్లోర్‌కీ మధ్య సందు ఉంటే, పైన తొక్కినప్పుడు అది మూసుకోవడం కంటికే కనిపిస్తుంది. అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి.

ఆ సందులోకి షిమ్ పెట్టాలి. అంటే ఒక కొన పల్చగా ఉండే చెక్క చీలిక. హార్డ్‌వేర్ షాపులో కట్టలుగా అమ్ముతారు. రెండు వైపులా ఉడ్ గ్లూ రాసి, చేత్తో నెట్టి, బిగువు తగలగానే ఆపేయండి. సుత్తితో బాదితే నేల పైకి లేచి పక్కన కొత్త సందు పడుతుంది. నేను బాదాను. కిర్రు హాల్లోంచి వంటింటి గుమ్మం దగ్గరికి మారింది. సందు పొడవుగా ఉంటే షిమ్‌లు వరసగా పెట్టే బదులు, దూలం పక్కన ఒక టూ-బై-ఫోర్ (ఇళ్ల కట్టడంలో వాడే చెక్క బద్ద) ముక్కకి కన్‌స్ట్రక్షన్ అడెసివ్ అనే గట్టి జిగురు రాసి, సబ్‌ఫ్లోర్‌కి ఆనించి, దూలానికి స్క్రూలతో బిగించండి.

దూలానికి దూరంగా, పలకకీ సబ్‌ఫ్లోర్‌కీ మధ్యే సందు ఉంటే కిందినుంచి స్క్రూ వేయాలి. ఇక్కడ కొలత తప్పితే స్క్రూ మొన పైకి వచ్చి కాలికి దిగుతుంది. గాలి వచ్చే వెంట్ మీది జాలీ ఎత్తితే నేల అంచు కనిపిస్తుంది, మొత్తం మందం అక్కడ కొలవండి. రెండు వరసలూ కలిపి అంగుళంన్నర ఉంటే స్క్రూ అంగుళం పావు మించకూడదు. ముందు సబ్‌ఫ్లోర్‌లో మాత్రం స్క్రూ వదులుగా దూరేంత రంధ్రం చేయండి; అప్పుడే స్క్రూ మరలు పై పలకను పట్టి కిందికి లాగుతాయి. బిగించేటప్పుడు పైన ఎవరైనా నిలబడాలి.

డల్లాస్ లాంటి చోట్ల చాలా ఇళ్లకి కింద కాంక్రీటే కాబట్టి ఈ గోల మేడ మీదే ఉంటుంది, అడుగున సీలింగ్ అడ్డం. అప్పుడు పైనుంచే చేయాలి. ముందు టాల్కమ్ పౌడర్ సందుల్లో చల్లి, గుడ్డ పరిచి దాని మీద అటూ ఇటూ నడవండి. కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. గట్టిగా ఆగాలంటే తల విరిగిపోయే స్క్రూల కిట్ కొనండి. స్క్రూ పలకలోంచి దూలంలోకి దిగాక, తల ఉపరితలానికి కింద విరిగిపోతుంది. మిగిలిన చిన్న రంధ్రాన్ని రంగు కలిసే ఉడ్ ఫిల్లర్‌తో పూడ్చొచ్చు. హార్డ్‌వుడ్‌ని మామూలుగా దూలాలకి అడ్డంగా పరుస్తారు కాబట్టి దూలాల దిశ తెలిసిపోతుంది. కచ్చితమైన చోటు కావాలంటే కింది గది సీలింగ్ మీద స్టడ్ ఫైండర్ (లోపల దూలం ఎక్కడుందో చూపే చిన్న పరికరం) పెట్టి, రెండు అంతస్తుల్లోనూ ఒకే చోట ఉన్న గోడ నుంచి కొలుచుకోండి.

నేల అడుగున హీటింగ్ పైపులున్న ఇళ్లలో డ్రిల్ పెట్టకండి. అతికించకుండా ఊరికే పరిచిన ఫ్లోటింగ్ ఫ్లోర్‌కీ స్క్రూ వేయకూడదు, అది కదలడానికి వీలుగానే వేశారు. అద్దె ఇల్లయితే పౌడర్ దగ్గరే ఆగి, ఓనర్‌కి ఒక మెయిల్ పెట్టండి.