లెక్క రావట్లేదు, ఇంకా కూర్చోవాలా లేవాలా?

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్, వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటాం. మొన్న రాత్రి పదింటికి ఒక ఫిజిక్స్ లెక్క పట్టుకున్నాడు, ఒంటిగంటకి నేను మంచినీళ్లకి లేచి చూస్తే ఇంకా దాని మీదే ఉన్నాడు. ఏట్రా ఇది అంటే "అయిపోద్ది అక్కా, ఇంకొంచెమే" అన్నాడు. రఫ్ బుక్ లాక్కుని చూస్తే ఒకే ఈక్వేషన్ నాలుగుసార్లు రాసుంది.

అందుకే చెప్తున్నా, గడియారం కాదు, రఫ్ పేపర్ చూసుకోండి. గంట దాటినా కొత్త బొమ్మ గీస్తున్నారు, చిన్న వేల్యూలు వేసి చూస్తున్నారు అంటే కూర్చోండి, సబ్జెక్ట్ వచ్చేది ఆ కుస్తీలోనే, ఐదు నిమిషాలకే సొల్యూషన్ తిప్పేయడం నాకు అస్సలు నచ్చదు. కానీ అదే లైన్ మూడోసారి రాస్తున్నా, ఆన్సర్ చూసి దానికి సరిపోయేలా లాగుతున్నా అది గానుగెద్దు తిరుగుడే, ఆపేయండి.

ఆపే ముందు మాత్రం ఎక్కడ ఆగిపోయారో ఒక్క లైన్ రాయండి, "రాలేదు" అని కాదు. వాడిది ఘనగోళం వాలు మీద జారకుండా దొర్లితే త్వరణం ఎంత అనే లెక్క. "ఫ్రిక్షన్ కావాలి, మ్యూ (ఘర్షణ గుణకం) ఇవ్వలేదు" అని రాయించి పడుకోబెట్టా. పొద్దున్న ఆ లైన్ చదివి వాడే అన్నాడు, జారట్లేదు కదక్కా, అది స్టాటిక్ ఫ్రిక్షన్, ఎంత కావాలో అంతే ఉంటుంది, జారేటప్పుడు వాడే మ్యూ ఇంటూ ఎన్ ఎందుకు పెట్టాను అని. ఫోర్స్‌కి ఒక ఈక్వేషన్, టార్క్‌కి (తిప్పే బలానికి) ఒకటి రాస్తే ఫ్రిక్షన్ దానంతటదే వచ్చేసింది, త్వరణం జీ సైన్ తీటాలో (తీటా అంటే వాలు కోణం) 5/7 వంతు.

ఫ్రెంచ్ గణితవేత్త పోంకారేకి కూడా ఇలాగే, లెక్క వదిలేసి ఊరెళ్తుంటే కూటాన్స్ అనే ఊళ్లో బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే తట్టిందని ఆయనే రాసుకున్నాడు. కాకపోతే అంతకుముందు రోజుల తరబడి దాంతో కుస్తీ పట్టాడు, అది మర్చిపోకండి.

లేచాక ఫోన్ తీయొద్దు ప్లీజ్, అది బ్రేక్ కాదు. పొద్దున్న మా బీచ్ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు కదా, అప్పుడు ఒక రౌండ్ నడవండి. మర్నాడు కూడా కదల్లేదంటే సొల్యూషన్‌లో ఒక్క లైన్ చూసి మూసేయండి, లేదా మీరు రాసిన ఆ లైన్ పట్టుకెళ్లి సార్‌ని అడగండి.

ఇదంతా ఇంట్లో ప్రాక్టీస్‌కే. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, అక్కడ దారి కనపడకపోతే వెంటనే పక్కన పెట్టి ముందుకెళ్లిపోండి, చివర్లో ఏదో ఒక ఆప్షన్ పెట్టే రండి.