మాల్టాను బస్సులో, కాలినడకన, పడవలో చూసే పద్ధతి

మధ్యధరా సముద్రంలోని చిన్న ద్వీప దేశం మాల్టాకు ప్రయాణం కట్టే హైదరాబాదువారు మొదట అడిగే ప్రశ్న, అక్కడ కారు అద్దెకు తీసుకోవాలా వద్దా అన్నది. అక్కరలేదని నా గట్టి అభిప్రాయం. ప్రధాన ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 27 కిలోమీటర్లు, అంటే శంషాబాదు విమానాశ్రయం నుంచి సికింద్రాబాదు స్టేషనుకు వెళ్లే దారి కంటే తక్కువ. గోజో, కొమినో దీవులను కలుపుకున్నా దేశం మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లే. అంత చిన్న నేల మీద రోడ్లు ఇరుకు, కార్లు ఎక్కువ, బండి నిలిపే చోటు దొరకడం కష్టం. పైగా ఆ దీవుల్లో చూడదగ్గవాటిలో చాలావరకు ఒకప్పుడు నౌకల మీద వచ్చినవారి కోసమో, నౌకల మీద వచ్చేవారిని అడ్డుకోవడం కోసమో కట్టినవి కాబట్టి, వాటిని నీటి మీద నుంచి చూసినప్పుడే వాటి అసలు రూపం తెలుస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు బస్సు, చేరాక నడక, తిరుగు ప్రయాణానికి వీలున్నచోటల్లా పడవ అనే క్రమాన్ని నేను సూచిస్తాను.

బయలుదేరే ముందు

మాల్టా 2007 నుంచి, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి అయిన షెంజెన్ ప్రాంతంలో ఉంది, 2008 నుంచి అక్కడ యూరో చెలామణిలో ఉంది. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యమవుతుంది కనుక రెండు మూడు నెలల ముందే పని మొదలుపెట్టడం క్షేమం. పెద్దలకు రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి యూరప్ నగరం మీదుగానో వెళ్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లేవారికి ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది కాబట్టి హోటల్ బుకింగ్, బీమా, తిరుగు టికెట్ కాగితాలను చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు నడకకు అనువైన కాలం. జూలై, ఆగస్టు నెలల ఎండ మనకు కొత్త కాకపోయినా, చెట్టు నీడ దాదాపు లేని సున్నపురాతి నేల మీద ఆ ఎండ రెండింతలుగా తగులుతుంది. ఆ దీవుల్లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. నడకదారుల్లో నీళ్లు దొరుకుతాయని నమ్ముకోకుండా సీసా నింపుకుని బయలుదేరాలి. చెప్పుల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. అరిగి నున్నబడిన అక్కడి రాతి మెట్ల మీద తోలు చెప్పులు జారతాయి, రబ్బరు అడుగు ఉన్న బూట్లే కావాలి. పెద్దవారిని వెంట తీసుకువెళ్లేటట్లయితే, ముందు నెలలో గోల్కొండ మెట్లను నెమ్మదిగా ఒకటి రెండుసార్లు ఎక్కించి దించితే ఎవరు ఎంత దూరం నడవగలరో ఇక్కడే తెలిసిపోతుంది. గోడలోని ప్లగ్గులు బ్రిటిష్ తరహా మూడు చదరపు పిన్నులవి కాబట్టి అడాప్టర్ పెట్టుకోవాలి.

బస కోసం రాజధాని వాలెట్టాను గానీ, దానికి ఎదురుగా నీటికి ఆవలి ఒడ్డున ఉన్న స్లీమాను గానీ ఎంచుకోండి. వాలెట్టా అందమైనదే, కానీ వీధులు నిట్టనిలువు ఎత్తుపల్లాలు. మోకాళ్ల నొప్పులున్నవారికి స్లీమా సముద్రతీరపు చదునైన కాలిబాట హాయిగా ఉంటుంది.

బస్సు మర్యాదలు

వాలెట్టా కోట ద్వారం వెలుపల, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర ఉన్న బస్ టెర్మినస్ దేశం మొత్తానికీ కూడలి. ద్వీపం నలుమూలలకూ బస్సులు అక్కడి నుంచే కదులుతాయి. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కనుక ఏ పక్క నిలబడాలన్న తికమక ఉండదు. స్టాపులో నిలబడినంత మాత్రాన బస్సు ఆగదు. మన ఆర్టీసీ వారు ‘చెయ్యెత్తండి, బస్సెక్కండి’ అన్నట్టే అక్కడా నంబరు చూసి చెయ్యెత్తాలి, దిగేందుకు లోపల గంట నొక్కాలి. పగటి బస్సుల్లో ఒకసారి కొన్న టికెట్ రెండు గంటలపాటు చెల్లుతుంది, ఆ వ్యవధిలో బస్సు మారినా మళ్లీ డబ్బు కట్టనక్కరలేదు. వారం రోజులు ఉండేవారికి ఏడు రోజులపాటు ఎన్నిసార్లయినా ఎక్కేందుకు వీలుగా ఎక్స్‌ప్లోర్ కార్డు ఉంది. రోజుకు మూడు నాలుగు బస్సులు ఎక్కేవారికి అది బాగా కలిసొస్తుంది.

వేసవిలో బస్సు నిండిపోతే డ్రైవరు మధ్య స్టాపుల్లో ఆపకుండా సాగిపోతాడు. వీలైనంతవరకు బయలుదేరే చోటనే ఎక్కడం, ఉదయం తొమ్మిదికి ముందే రోడ్డు మీద ఉండడం దీనికి విరుగుడు. ఊళ్ల పేర్లు రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన ఉండదు: బోర్డు మీద ఎక్స్ అక్షరం కనిపిస్తే ‘ష’ అని చదువుకోవాలి. Marsaxlokk అనే చేపల ఊరి పేరు బస్సులో మార్సాష్లోక్ అని వినిపించినప్పుడు అది మీరు దిగవలసిన ఊరేనని అప్పుడు గుర్తుపడతారు.

వాలెట్టా, రేవు

మొదటి రోజును వాలెట్టాకే కేటాయించండి. 1565లో ఒట్టోమన్ సేనల ముట్టడిని తట్టుకున్న సెయింట్ జాన్ యోధులు అనే క్రైస్తవ సైనిక సంఘం వారు, మరుసటి ఏడాది తమ నాయకుడు జాన్ ద వాలెట్ పేరిట ఈ నగరానికి పునాది వేశారు. వీధులు గళ్ల నుడికట్టులా ఒకదానికొకటి అడ్డంగా సాగుతాయి, ఏ వీధి చివర చూసినా సముద్రం కనిపిస్తుంది. దారి తప్పడం కష్టం. ఆ యోధుల పెద్ద చర్చి అయిన సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్‌కు ఉదయం తెరవగానే వెళ్లాలి. ఆదివారం సందర్శకులను అనుమతించరు. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు కావాలి, సన్నని మడమ చెప్పులకు ప్రవేశం లేదు. ఈ నిబంధన ఎందుకో లోపల అడుగు పెట్టగానే తెలుస్తుంది: నేలంతా రంగురంగుల పాలరాళ్లను పొదిగి చేసిన యోధుల సమాధి ఫలకాలు, సుమారు 400. పుర్రెలు, కొడవళ్లు, రెక్కల గడియారాలు, కుటుంబ చిహ్నాలు కాళ్లకింద ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటాయి. తల పైకెత్తి పైకప్పు చిత్రాలు చూస్తూ చాలామంది వాటిని దాటిపోతారు; ఒక్క ఫలకం దగ్గరైనా ఆగి, రాతి ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు కనిపిస్తుందేమో వెతికి చూడండి. పక్క మందిరంలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో గీసిన ‘సెయింట్ జాన్ శిరచ్ఛేదం’ ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే, ఆ సంతకం కూడా నేలమీద పారిన నెత్తుటి రంగులోనే కనిపిస్తుంది. ఎడమచేతివైపు వెలుగులో గుమిగూడిన మనుషులనే కాక, కుడివైపు కిటికీ ఊచల వెనక నుంచి చూస్తున్న ఇద్దరు ఖైదీలను కూడా గమనించండి.

అక్కడి నుంచి పది నిమిషాల నడకలో అప్పర్ బరాక్కా తోట. దాని కింది బురుజు నుంచి మధ్యాహ్నం పన్నెండింటికి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి ఫిరంగి పేలుస్తారు. పసిపిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి చెవులు మూయించడం మంచిది. అది ముగియగానే తోటలోని లిఫ్ట్‌లో 58 మీటర్లు కిందికి దిగితే రేవు ఒడ్డుకు చేరతారు. ఈ ప్రయాణంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. ఎదుటి ఒడ్డున బిర్గు, ఇస్లా, బోర్మ్లా అనే మూడు పాత ఊళ్లు ఉన్నాయి. అక్కడికి ఫెర్రీ ఉంది, దానితోపాటు దైసా అనే సన్నని చెక్క పడవలూ ఉన్నాయి. ఆవలికి పోయేటప్పుడు దైసా ఎక్కండి. అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది. అక్కడ కూర్చుని చూసినప్పుడు, ఫిరంగి గుండ్లకు ఎదురొడ్డిన సెయింట్ ఏంజెలో కోట గోడ నీటిలోంచే లేచినట్టు నిలబడుతుంది. పడవ ఎక్కేటప్పుడు మధ్యలో అడుగు పెట్టి వెంటనే కూర్చోవాలి. బిర్గు సందుల్లో ఒక గంట తిరిగి, ఫెర్రీలో వెనక్కి రండి. స్లీమాలో బస చేసినవారు వాలెట్టాను అడ్డంగా దాటి రెండో వైపు రేవుకు దిగితే, అక్కడి ఫెర్రీ పది నిమిషాల్లో స్లీమా చేరుస్తుంది. సూర్యాస్తమయం ముందు ఆ పడవ పై అంతస్తులో వెనక్కి తిరిగి కూర్చుంటే, తేనె రంగు నగరమంతా ఒక్క చూపులో నిండుతుంది.

గాలిని బట్టి రోజును ఎంచుకోవడం

తర్వాతి రోజుల క్రమాన్ని ముందే రాసుకుని దానికే కట్టుబడితే ఇబ్బంది పడతారు. అక్కడ చిన్న పడవలు నడవాలా వద్దా అన్నది గాలి నిర్ణయిస్తుంది కనుక, ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో గాలి దిక్కు చూడండి. ఎక్కువగా వీచేది వాయవ్యపు గాలి. ఆ రోజు ఉత్తర తీరం అలలతో నిండినా దక్షిణ తీరం చాటున ఉంటుంది. దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో గాలి వీస్తే దక్షిణపు పడవలు ఆగిపోతాయి, అప్పుడు ఉత్తరానికి వెళ్లాలి. ఈశాన్యపు గాలి బలంగా ఉంటే వాలెట్టా రేవులోనే అలలు లేస్తాయి, ఆ రోజును సముద్రానికి దూరంగా ఉండే ఊళ్లకు కేటాయించుకోవచ్చు.

దక్షిణ తీరం ప్రశాంతంగా ఉన్న ఉదయం వాలెట్టా నుంచి 74వ నంబరు బస్సులో బ్లూ గ్రోటో చేరండి. మధ్యాహ్నానికి ముందు ఎండ గుహల్లోకి పడి, తెల్లని ఇసుక అడుగు నుంచి నీలిరంగు పైకి తేలుతుంది. పడవలు చిన్నవి, ప్రయాణం దాదాపు ఇరవై నిమిషాలు. లైఫ్ జాకెట్ వేసుకుని, ఫోనుకు తాడు కట్టుకుని కూర్చోండి. ఒడ్డుకు వచ్చాక ఎగువకు సుమారు రెండు కిలోమీటర్లు నడిస్తే, లేదా అదే బస్సులో రెండు మూడు స్టాపులు వెళితే, హజార్ ఈమ్ రాతి ఆలయాలు వస్తాయి. ఇవి క్రీస్తు పూర్వం 3600 ప్రాంతంలో మొదలైనవి, అంటే గిజా పిరమిడ్ల కంటే వెయ్యేళ్లు పాతవి. అక్కడి నుంచి సముద్రం వైపు దిగే అర కిలోమీటరు బాటలో ఇమ్నాయిద్రా ఉంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఉదయకిరణం దాని ద్వారం గుండా నేరుగా గర్భాలయంలోకి చేరుతుంది. దిగడం తేలికే గాని తిరిగి ఎక్కడం ఎండలో అలసట, కాబట్టి టోపీ, నీళ్లు మరవవద్దు.

దాదాపు ఇదే కాలానికి చెందిన భూగర్భ సమాధి మందిరం, హాల్ సఫ్లీయెని హైపోజియం, పావ్లా ఊరిలో ఉంది. లోపలి గాలి, తేమ చెడకుండా రోజుకు కొద్ది పదుల మందినే పంపుతారు. వీసా చేతికి రాగానే చేయవలసిన మొదటి బుకింగ్ ఇదే. అక్కడికి వెళ్లాక టికెట్ దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు.

గాలి బలంగా వీచే రోజుకు పాత రాజధాని ఇమ్దీనా, దాని పక్కనే ఉన్న రబాత్ సరిపోతాయి. ఇమ్దీనాలో స్థానికుల వాహనాలకే తప్ప ప్రవేశం లేకపోవడంతో వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. పర్యాటక బృందాలు వెళ్లిపోయాక సాయంత్రం ఐదు దాటిన తర్వాత చూడడమే మేలు. రబాత్‌లో పాస్తిత్సి తినండి. పొరలు పొరలుగా విచ్చుకునే పిండిలో రికోట్టా జున్ను గాని, ఉడికించి మెత్తగా నూరిన బటానీ గాని పెట్టి కాలుస్తారు. కూర శాకాహారమే అయినా, సంప్రదాయ పద్ధతిలో పిండికి పంది కొవ్వు కలుపుతారు కనుక శాకాహారులు అడిగి తెలుసుకోవాలి. టమాటా, ఆలివ్ నూనె పట్టించిన రొట్టె కొనేటప్పుడు ట్యూనా చేప వద్దని ముందుగానే చెప్పాలి.

గోజో, కొమినో

గోజోకు రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి ఉంచండి. ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేస్తే సగం రోజు బస్సుల్లోనే గడిచిపోతుంది. వాలెట్టా నుంచి 41 లేదా 42 నంబరు బస్సు ఉత్తర కొసనున్న చిర్కెవ్వాకు చేరడానికి గంటకు పైగా పడుతుంది. అక్కడి ఫెర్రీ సుమారు 25 నిమిషాల్లో ఇమ్‌జార్ రేవుకు చేరుస్తుంది. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, గోజో నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారే తీసుకుంటారు. తిరుగు ప్రయాణానికి వాలెట్టాకు నేరుగా వచ్చే వేగపు పడవ ఎక్కితే ముప్పావు గంటలో, తూర్పు తీరమంతా చూస్తూ, కోట గోడల కిందికి చేరుకుంటారు.

గోజో బస్సులన్నీ విక్టోరియా పట్టణం నుంచే విడిపోతాయి. ముందుగా అక్కడి కోట చిత్తదెల్లా గోడల మీద నడిస్తే దీవి మొత్తం కనిపిస్తుంది, తర్వాత ఎటు వెళ్లాలో కళ్లతోనే నిర్ణయించుకోవచ్చు. పాత ఫొటోలు చూసి ద్వేజ్రాలోని అజూర్ విండో కోసం వెళ్లేవారు గుర్తుంచుకోవాలి: ఆ రాతి తోరణం 2017 మార్చి 8న తుపానుకు కూలిపోయింది. అయినా ద్వేజ్రా చూడదగ్గదే. అక్కడి మడుగు నుంచి కొండను తొలిచిన సహజ సొరంగం గుండా చిన్న పడవలు బయటి సముద్రంలోకి తీసుకువెళతాయి. మార్సాల్ఫోర్న్ నుంచి తీరం వెంట పడమరకు నడిస్తే, రాతిలో చెక్కిన ఉప్పు మడులు వరుసగా కనిపిస్తాయి. ఉప్పు తీసే చోటు కనుక గట్ల మీదికి ఎక్కకుండా దారి నుంచే చూడాలి.

కొమినోలోని బ్లూ లగూన్‌కు 2025 నుంచి ముందుగా ఆన్‌లైన్‌లో సమయం నమోదు చేసుకోవాలి. మధ్యాహ్నపు జనసమ్మర్దంలో అక్కడ నిలబడే చోటు కూడా ఉండదు. మొదటి పడవలో వెళ్లి, జనం పెరిగేసరికి వెనుకనున్న కొండబాట మీద సెయింట్ మేరీ బురుజు దాకా నడిచి రావచ్చు.

చివరి రోజుకు ఏ పనీ పెట్టుకోవద్దు. గాలి వల్ల వాయిదా పడిన పడవ ప్రయాణం దానికి సరిపోతుంది. ఏదీ వాయిదా పడకపోతే, అది ఆదివారమైతే, 81 లేదా 85 నంబరు బస్సులో ఉదయాన్నే మార్సాష్లోక్ చేపల సంతకు వెళ్లి, ముందు భాగాన రెండు కళ్లు చిత్రించిన లుత్సు పడవలను చూసి, విమానం వేళకు నాలుగు గంటల ముందే వాలెట్టా చేరేలా బయలుదేరండి.