పన్ను తీసే ముందు: రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలో జాగ్రత్తలు

• మందు పేరు అడిగి ఊరుకోవద్దు, స్ట్రిప్పు చూడండి. నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో చూపించుకుని వచ్చినవారు చాలామంది "గుండె గోలీ" అనే చెబుతారు. అది ఆస్పిరినా, క్లోపిడోగ్రెలా, రెండూనా అన్నది తేలాలి.

• కార్డియాలజిస్టును అడగకుండా ఏ మందూ ఆపించొద్దు. పంటి గుంటలో రక్తాన్ని నొక్కి ఆపగలం. స్టెంట్‌లో గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది.

• వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారికి 24 గంటల్లోపు చేసిన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష; అంకె పెరిగితే గడ్డకట్టడం ఆలస్యం) రిపోర్టు కావాలి. 4 లేదా ఆపైన ఉంటే వాయిదా వేసి, మందు రాసిన డాక్టరు దగ్గరికి పంపండి. అపిక్సాబాన్, రివరాక్సాబాన్ వాడేవారికి ఐఎన్ఆర్ దారి చూపదు. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో రాసుకోండి.

• వారం మొదట్లో, పొద్దున పిలవండి. రక్తం మళ్లీ మొదలైతే ఉప్పల్ నుంచి అమీర్‌పేటకు రాత్రిపూట పరుగెత్తాల్సిన పని ఉండదు.

• ట్రేలో గాజుగుడ్డ, కుట్టు దారం, గుంటలో పెట్టి రక్తం ఆపే ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ ముందే ఉండాలి. రక్తస్రావాన్ని తగ్గించే 500 మి.గ్రా. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రను 10 మి.లీ. నీటిలో నూరితే 5 శాతం ద్రావణం. గాజుగుడ్డను అందులో తడిపి 20–30 నిమిషాలు కొరికించండి.

• నొప్పికి పారాసెటమాల్. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. వార్ఫరిన్ మీద మెట్రోనిడజోల్ రాస్తే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది.