ఒగ్గు కథ వినడానికి వెళ్లేవారికి

మల్లన్న, బీరప్ప వంటి దేవుళ్ల గాథలను డోలు వాయిద్యంతో పాడుతూ చెప్పే తెలంగాణ జానపద కళ ఒగ్గు కథ. దాన్ని దగ్గరగా కూర్చుని వినాలంటే పెద్ద ఆడిటోరియం కన్నా మల్లన్న, బీరప్ప గుళ్ల ముంగిళ్లే మేలు. సంక్రాంతి నుంచి ఉగాది వరకు సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో జరిగే జాతరకు ఆదివారాల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది కనుక, కథ మీదే దృష్టి ఉన్నవారు మరో రోజు వెళ్లడం, లేదా ఏదైనా కురుమ, గొల్ల కుటుంబం మొక్కు తీర్చుకోవడానికి ఊళ్లో పట్నం (పూజ కోసం వేసే ముగ్గు) వేయించే రోజును ముందుగా కనుక్కుని, ఇంటివారి అనుమతితో వెళ్లడం మంచిది.

రంగు పొడులతో పట్నం వేస్తున్నప్పుడే చేరుకోండి. చెప్పులు బయట విడిచి, ముగ్గును తొక్కకుండా ఒక పక్కగా కూర్చోండి. డోలుకు మరీ దగ్గరైతే మాటలు వినబడవు (ఈ సంగతి నాకు చెవులు దిమ్మెక్కాకే తెలిసింది). ప్రధాన కథకుడు పాడుతూ, వచనం చెబుతూ, అంతలోనే పాత్రగా మారిపోతాడు. పక్కనున్న సహాయకుడు ఊకొడుతూ, హాస్యమాడుతూ కథను ముందుకు నడుపుతాడు కాబట్టి, వారిద్దరి ముఖాలూ కనిపించే చోటు ఎంచుకోవాలి. కథ రాత్రంతా సాగవచ్చు. దుప్పటి, నీళ్లు వెంట ఉంచుకోండి. ఇది పూజలో భాగం కనుక ఫొటోలు తీసే ముందు అడగండి. కళాకారులకు ఇవ్వదలచిన డబ్బును కథ ఆగిన సమయంలో వారి చేతికే అందించండి.