ఇల్లు చూసుకునే ముందు ఆ మ్యాప్ ఎలా చదవాలంటే

పోయిన వేసవిలో మా తోడికోడలు వాళ్లు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అద్దె ఇల్లు చూసుకున్నారు. రాత్రి పదకొండింటికి ఫోన్. "అక్కా, మ్యాప్ నిండా చుక్కలే. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. పాపని పెట్టుకుని అక్కడెలా ఉంటాం?" గొంతులో ఏడుపు వినిపిస్తోంది.

తను చూసింది లైంగిక నేరస్థుల రిజిస్ట్రీ, ఆ చుక్కలు అందులో ఉన్నవాళ్ల అడ్రస్‌లు. అమెరికాలో ఇలాంటి నేరాల్లో శిక్ష పడినవాళ్లు తమ అడ్రస్ పోలీసులకు ఇచ్చి పేరు నమోదు చేయించుకోవాలి. అందులో చాలావరకు ఎవరైనా చూడొచ్చు. కానీ తను జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) మొత్తం కొట్టింది, అదీ ఏదో ప్రైవేటు సైట్‌లో. పూర్తి వివరాలకు కార్డు నంబర్ కూడా అడిగిందట. దయచేసి అలాంటి వాటికి డబ్బులు కట్టకండి. ప్రభుత్వ సైట్ పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు.

ఆ సైట్ అడ్రస్: ఎన్ఎస్ఓపీడబ్ల్యూ డాట్ గవ్ (nsopw.gov). అమెరికా న్యాయశాఖ నడుపుతుంది. దానికి డ్రూ షోడీన్ పేరు పెట్టారు. 2003లో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఒక మాల్ దగ్గర నుంచి ఎత్తుకెళ్లి చంపేసిన 22 ఏళ్ల కాలేజీ అమ్మాయి. చంపినవాడి పేరు పక్క రాష్ట్రం మిన్నెసోటా రిజిస్ట్రీలో ఉంది. అప్పట్లో ఒక రాష్ట్రం జాబితా చూస్తే పక్క రాష్ట్రం సంగతి తెలిసేది కాదు. ఇప్పుడు ఈ సైట్ ఒక్క వెతుకులాటతో అన్ని రాష్ట్రాల రిజిస్ట్రీలనూ అడిగి జవాబు తెస్తుంది.

వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. జిప్ కోడ్ కాకుండా ఇంటి అడ్రస్ పూర్తిగా కొట్టి, దూరం ఒక మైలు పెట్టమన్నాను. మ్యాప్ నిండా ఉన్న చుక్కలు రెండయ్యాయి. కొన్ని రాష్ట్రాల్లో చుక్క ఇంటి అడ్రస్ కాకుండా ఆ మనిషి పనిచేసే చోటు కూడా కావొచ్చు. ఈ తేడా తప్పకుండా చూడండి.

ఒక్కో పేరు నొక్కితే ఆ రాష్ట్రం సొంత పేజీకి వెళ్తుంది. టెక్సస్‌లో దీన్ని డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) నిర్వహిస్తుంది. ఫోటో, పుట్టిన తేదీ, ఏ నేరం, బాధితుల వయసు, అన్నీ ఉంటాయి. మా తోడికోడలు ఫోటో చూసి ఆగిపోతుంటే, కిందికి రమ్మన్నాను. అక్కడ రిస్క్ లెవెల్ ఉంటుంది: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. "నాట్ రిపోర్టెడ్" అని ఉంటే ప్రమాదం లేదని కాదు, లెవెల్ నమోదు కాలేదని అర్థం. ఇంకో వరుసలో ఆ మనిషి ఏడాదికోసారి వివరాలు ధ్రువీకరించాలా, 90 రోజులకోసారా అన్నది ఉంటుంది. నేను ముందు చూసేది బాధితుల వయసు, ఆ తర్వాత శిక్ష పడిన సంవత్సరం.

ట్యూషన్ మాస్టారు, స్విమ్మింగ్ కోచ్ లాంటి వాళ్ల గురించి చూడాలంటే పేరుతో వెతకండి. ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఫోటో, వయసు కలవకుండా ఎవరినీ అనుమానించొద్దు.

మ్యాప్ ఖాళీగా వస్తే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చనుకోకండి. న్యూయార్క్ వెబ్‌సైట్‌లో లెవెల్ 1, అంటే రిస్క్ తక్కువున్నవాళ్లు కనిపించరు, వాళ్ల గురించి ఫోన్ చేసి అడగాలి. న్యూజెర్సీ కూడా రిస్క్ తక్కువున్నవాళ్లను ఇంటర్నెట్‌లో పెట్టదు. కేసు నడుస్తూ ఇంకా శిక్ష పడనివాళ్లు ఏ రాష్ట్రం జాబితాలోనూ ఉండరు. పైగా పిల్లల్ని ఇబ్బంది పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఇంటికి తెలిసినవాళ్లే. అందుకే ఆ రాత్రే తోడికోడలికి చెప్పాను, పాపతో మాట్లాడమని: ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో, "అమ్మకి చెప్పొద్దు" అని ఎవరైనా అంటే వెంటనే అమ్మకే చెప్పాలని.

ఆ ఫోటోల్ని స్క్రీన్‌షాట్ తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఈ సమాచారంతో ఆ మనిషిని గానీ ఇంట్లోవాళ్లను గానీ బెదిరించినా వేధించినా కేసవుతుంది. ఆ ఇంట్లోనూ పిల్లలుండొచ్చు.

పక్కనే కూర్చుని వింటున్న అత్తయ్య, "మన దగ్గర ఇలాంటిది లేదామ్మా?" అని అడిగారు. ఉంది. 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ మొదలుపెట్టింది, ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) నిర్వహిస్తుంది. కాకపోతే అది పోలీసులకే కనిపిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లు చూసుకునే తల్లికి దాన్ని తెరిచే దారి లేదు.

మా వాళ్లు ఆ ఇంట్లోనే దిగారు. దిగిన మర్నాడు పొద్దున్నే తోడికోడలి మెసేజ్: "అక్కా, స్కూల్ బస్ ఆగే చోటు అడ్రస్ కూడా కొట్టి చూశాను."